నీలవేణి అద్దం బల్ల

ఆ నుదుటి మీది బొట్టుబిళ్ళ తీసి అద్దానికి అంటించి రా, అమ్మడూ. తలగడకి అంటిస్తే పొద్దున్నకి నీ బుగ్గ మీద ఉంటుంది. ఆఁ, అలాగ. ఇప్పుడొచ్చి నా పక్కన పడుకో. కాళ్ళు దుప్పట్లో పెట్టు. నిన్న నవ్వుల కథ చెప్తే నవ్వీ నవ్వీ నిద్దరే పోలేదు నువ్వు. అందుకని ఇవాళ దిగులు కథ. మధ్యలో ఏడిస్తే మాత్రం ఆపేస్తాను, ముందే చెప్తున్నా.

అనగనగా ఒక ఊళ్ళో అందామంటే ఊళ్ళో కాదు, ఊరి చివర. చీడివలస అని ఒక ఊరు, ఆ ఊరి చివర ఒక రైలు గేటు. ఆ గేటు వేసేవాడూ తీసేవాడూ గురునాథం. ముప్పై ఏళ్ళు అదే పని. రైలొస్తే గేటు వెయ్యాలి, పోతే తియ్యాలి.

రైలుకీ రైలుకీ మధ్య బోలెడు ఖాళీ ఉంటుంది కదా. ఆ ఖాళీలో గురునాథం చిన్న చాకు పట్టుకుని, దొరికిన కర్రముక్కల్ని చెక్కి పిట్టలు చేసేవాడు. గోరింక, పికిలిపిట్ట, లకుముకిపిట్ట. అమ్మడానికేం కాదు. సరదా, అంతే.

గురునాథం భార్య పేరు పైడమ్మ. వాళ్ళకి ఒక్కతే కూతురు, నీలవేణి. అచ్చం తల్లి పోలిక. అదే కోలమొహం, అవే కళ్ళు, అదే నుదురు. తండ్రి చేసిన ప్రతి పిట్టకీ ఆ పిల్లే రంగులు వేసేది. పేర్లు కూడా పెట్టేది. ఒక పిట్టకి మాస్టారమ్మ అని పెట్టిందట, దాని మెడ అలా నిక్కి ఉందని.

నీలవేణికి పదమూడో ఏడు వచ్చినప్పుడు గురునాథం ఒక అద్దం బల్ల తెచ్చాడు. ఎవరో పెద్దాఫీసరు బంగళా ఖాళీ చేస్తూ, పాతదైపోయిందని వదిలేసి వెళ్ళిన బల్ల అది. టేకు కర్ర. మూడు సొరుగులు. పైన రెండు స్తంభాల మధ్య పెద్ద అద్దం. దాన్ని కిందికీ పైకీ వంచుకోవచ్చు. అద్దం అంచుల్లో పాదరసం పోయి మచ్చలు పడ్డాయి గానీ, మధ్యలో బాగానే కనబడేది.

ఇక చూసుకో. ఆ పిల్ల ప్రతి రాత్రీ పడుకోబోయే ముందు బొట్టుబిళ్ళ తీసి ఆ అద్దానికే అంటించేది. ఎవరిలాగ? ఆఁ, నీలాగే. ఎర్రవి, నల్లవి, నెలవంకవి, పాముల్లా మెలికలు తిరిగినవి. ఆరేళ్ళలో అద్దం ఎడమ పక్కంతా బొట్లతో నిండిపోయింది. పైడమ్మ రోజూ కసిరేది. అయినా ఆ పిల్ల ఒక్కటీ తియ్యలేదు.

ఆ తర్వాత ఒక వానాకాలం వచ్చింది. నీలవేణికి జ్వరం వచ్చింది. మొదటి రోజు లేచి తిరిగింది. రెండో రోజు మంచం దిగలేదు. మూడో రోజుకి లేదు.

అంతే, అమ్మడూ. పందొమ్మిదేళ్ళ పిల్ల. ఎందుకలా అని అడక్కు, నాకు తెలీదు. తెలిసినవాళ్ళెవరూ నాకు తగల్లేదు.

అప్పట్నుంచీ ఆ ఇంట్లో మాటలు తగ్గిపోయాయి. మొదటి ఏడు అవసరానికి మాట్లాడుకున్నారు. రెండో ఏడు అవసరానికి కూడా సైగలే. మూడో ఏడు సైగలు కూడా అక్కర్లేకపోయాయి. ఆయన కూర్చోగానే కంచం వచ్చేది, ఆయన లేవగానే కంచం పోయేది. గురునాథం పిట్టల్ని చెయ్యడం మానేశాడు. చేస్తే ఎవరు రంగు వేస్తారు, ఎవరు పేరు పెడతారు?

ఒక్క పని మాత్రం పైడమ్మ రోజూ చేసేది. పొద్దున్నే స్నానం చేసి, కుంకుమ పెట్టుకోకుండానే, బోసి నుదురుతో ఆ అద్దం ముందు కూర్చునేది. కొంచెం ఎడమ పక్కకి ఒరిగి, మెడ వంచి, కదలకుండా చూసుకునేది. కాసేపటికి లేచి, అప్పుడు కుంకుమ పెట్టుకుని, పొయ్యి దగ్గరికి వెళ్ళేది.

గురునాథం గుమ్మంలోంచి అది చూసేవాడు. నేను బతికుండగా ఇది బోసి నుదురుతో కూర్చుంటుందేమిటి అని ఆయన మనసు చివుక్కుమనేది. అడగొచ్చు కదా? అడగడు. మగాళ్ళు అంతే, కడుపులో పెట్టుకుని కుములుతారు. ఈవిడ చెప్పొచ్చు కదా? చెప్పదు. ఇద్దరికిద్దరూ సరిపోయారు.

ఆ తర్వాత గురునాథం ఉద్యోగం అయిపోయింది. గేటుకి ఇంకెవరో వచ్చారు. ఈయన ఇంటి అరుగు మీద కూర్చునేవాడు. రైలు కూత వినబడగానే దిగ్గున లేచి నాలుగడుగులు వేసేవాడు. అప్పుడు గుర్తొచ్చేది, గేటు తనది కాదని. మళ్ళీ వచ్చి కూర్చునేవాడు. రోజుకి ఎన్ని రైళ్ళో అన్నిసార్లు.

ఎదురింట్లో ఈశ్వరాచారి అని ఒక ముసలి వడ్రంగి ఉండేవాడు. ఆయన ఇదంతా చూసి చూసి ఒకరోజు వచ్చాడు.

"గురునాథం, ఇలా కూకుంటే మంచం పట్టేస్తావు. మళ్ళీ పిట్టల్ని చెయ్యి."

"ఎక్కడ కూకుని చెయ్యమంటావు? గేటు గదిలో బల్ల ఉండేది. ఇంట్లో ఏటుంది?"

ఈశ్వరాచారి తలుపు సందులోంచి లోపలికి చూశాడు. "అదుగో, అద్దం బల్ల. టేకు గదా. పైన దిట్టమైన చెక్క వేసుకుంటే పదేళ్ళు పనిచేస్తాది."

గురునాథం ఆ రోజంతా బల్ల చుట్టూ తిరిగాడు. మర్నాడూ తిరిగాడు. మూడో రోజున పైడమ్మ బియ్యం ఏరుతుంటే పక్కన నిలబడి అన్నాడు. "పైడీ, పిల్ల బల్ల ఉంది చూడు... దాన్ని పనిబల్లగా చేసుకోనా? పిట్టల్ని చేస్తాను. నువ్వు పక్కన కూకో. రంగులు వేద్దువు గాని."

ఆయన ఆశ అదన్నమాట. పిట్టలు కాదు. పైడమ్మ వచ్చి పక్కన కూర్చోవడం.

పైడమ్మ చేట మీద చెయ్యి ఆపింది. బల్ల వైపు చూసి అంది. "ఊరికే ఉంటే చెదలు పడతాది. చేసుకో మావా. అద్దం మాత్రం ఉంచు."

ఎన్నాళ్ళకో ఆవిడ నోటి నుంచి వచ్చిన మాట. గురునాథానికి ప్రాణం లేచొచ్చింది. అద్దం ఎందుకుంచమందో అడగలేదు. అక్కడే వచ్చింది తంటా అంతా.

అప్పుడే పైడమ్మ తమ్ముడి భార్యకి పురుడొచ్చిందని కబురొచ్చింది. పది రోజుల్లో వస్తానని పైడమ్మ వెళ్ళింది. ఆవిడ వచ్చేలోగా బల్ల తయారు చేసి చూపించాలని గురునాథం నడుం కట్టాడు.

మొదట సొరుగులు ఖాళీ చేశాడు. మొదటి సొరుగులో రిబ్బన్లు, పిన్నులు, ఎండిపోయిన మల్లెపూల దండ. అవన్నీ పెట్టెలో సర్ది, ఆ సొరుగులో మేకులూ మరలూ పోశాడు. రెండో సొరుగులో రంగు సీసాలు, కుంచెలు. అవి అలాగే ఉంచి, పక్కన చాకులూ చిన్న ఉలులూ పెట్టాడు. మూడో సొరుగులో ఒకే ఒక్క బొట్ల అట్ట ఉంది. సగం బొట్లు వాడింది. సగం ఇంకా అట్టకే ఉన్నాయి. దాన్ని ఆయన ముట్టుకోలేదు. ఆ సొరుగు అలాగే మూసేశాడు.

ఆ తర్వాత పైనున్న పల్చటి చెక్క ఊడదీశాడు. సుత్తితో నాలుగు దెబ్బలు కొడితే ఊగిపోయే బల్ల మీద పనేం జరుగుతుంది? అందుకని కాళ్ళకి అడ్డపట్టీలు బిగించాడు. ఈశ్వరాచారి దగ్గర్నుంచి నాలుగు వేళ్ళ మందం చింతచెక్క తెచ్చి పైన పరిచాడు. చిత్రిక పట్టాడు, గరుకు కాగితం రుద్దాడు. కర్రముక్కని కదలకుండా పట్టుకోవడానికి అంచుకి ఒక ఇనుప బిగింపు పెట్టాడు. వెనకాల ఉలులు నిలబెట్టుకోవడానికి వరసగా బెజ్జాలు వేశాడు. ఈశ్వరాచారి వచ్చి అరచేత్తో చెక్కని తడిమి చూశాడు. తల ఊపాడు.

"అద్దం తీసెయ్యనా, ఉంచనా?" అని అడిగాడు గురునాథం.

"తియ్యకు. గది చీకటి గదా. కిటికీ ఎదురుగా దీన్ని కాస్త వంచావంటే వెలుతురంతా నీ చేతుల మీద పడతాది. గానీ అద్దం శుభ్రంగా ఉండాల. ఈ మరకలుంటే నీడలు పడతాయి."

మరకలు అన్నాడు. ముసలాడికి చూపు ఆనదు పాపం, ఆయన్ని ఏమనగలం?

గురునాథం అద్దం ముందు నిలబడ్డాడు. బొట్లు సగం వెలిసిపోయి, జిడ్డు పట్టి, దుమ్ము పట్టి ఉన్నాయి. పైడమ్మ అద్దం ఉంచమంది కదా, శుభ్రంగా తుడిచి ఇస్తే సంతోషిస్తుంది అనుకున్నాడు. ఇంకోటి కూడా అనుకున్నాడు. ఈ బొట్లు కనబడకపోతే రోజూ ఇక్కడ బోసి నుదురుతో కూర్చోవడం మానుతుంది, కాస్త తేరుకుంటుంది అనుకున్నాడు. మంచి అనుకునే చేశాడమ్మా. చెడు చెయ్యాలని చేసేవాణ్ణయితే నాలుగు తిట్టి ఊరుకుందుం.

గుడ్డ మీద కిరసనాయిలు పోసి తడిపాడు. గడ్డం గీసుకునే బ్లేడు తెచ్చాడు. ఒక్కొక్క బొట్టూ గీకేశాడు. ఎర్రవి గీకాడు, నల్లవి గీకాడు, ఆఖరికి నెలవంకని గీకాడు. కింద మూలన కొంచెం వంకరగా ఒకటుంది, అది కూడా గీకేశాడు. నేల ఊడ్చి పెరట్లో చెత్తగుంటలో పోశాడు. ఆ తర్వాత అద్దాన్ని తళతళలాడేలా తుడిచాడు.

పదో రోజున పైడమ్మ వచ్చింది. సంచీ దించింది. గదిలోకి వెళ్ళింది. గురునాథం వెనకాలే నిలబడి, చిన్నపిల్లాడిలా మొహం చూస్తున్నాడు, ఏమంటుందో అని.

పైడమ్మ చింతచెక్కని చూడలేదు. అద్దం ముందు కూర్చుంది. ఎడమ పక్కకి ఒరిగింది. మెడ వంచింది. ఇంకొంచెం ఒరిగింది. చేత్తో అద్దం మీద తడుముకుంది, గుడ్డివాళ్ళు గోడ తడుముకున్నట్టు.

"ఏవీ?" అంది.

"అద్దం ఉంచమన్నావు గదే. ఉంచాను. తుడిచి మరీ ఉంచాను."

పైడమ్మ అరవలేదు. ఏడవలేదు. మెల్లిగా చెప్పింది. "నా నుదురు బోసిగా పెట్టి, దాని బొట్టు నా నుదుటి మీద పడేలా కూకుంటే, అద్దంలో అదే కనిపించేది మావా. రోజుకొక బొట్టు. కింద మూలన వంకరది, జ్వరం వచ్చిన నాటిది. రోజూ ఆఖర్న దాన్ని చూసే పొయ్యి వెలిగించేదాన్ని."

గురునాథం నిలువునా నీరైపోయాడు. పైడమ్మ లేచి పొయ్యి దగ్గరికి వెళ్ళిపోయింది. ఆ రోజు నుంచి ఆవిడకి ఉలుకూ లేదు, పలుకూ లేదు. ముద్ద సరిగ్గా మింగడం లేదు. గదిలోకే రావడం లేదు. కొత్త బల్ల మీద ఒక్క కర్రముక్క కూడా పెట్టలేదు ఆయన.

అప్పుడు గురునాథం ఏం చేశాడో తెలుసా? మొదట మూడో సొరుగు తీశాడు. అట్టకి మిగిలిన బొట్లన్నీ తీసి, అద్దం మీద ఎడమ పక్కన అంటించాడు. పైడమ్మని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి చూపించాడు. ఆవిడ చూసింది. "ఇవి అది పెట్టుకోనివి గదా మావా" అంది. ఒక్కొక్కటీ నలగకుండా తీసి, మళ్ళీ అట్టకి అంటించి, సొరుగు మూసేసింది.

ఆ తర్వాత పెరట్లో చెత్తగుంటలో దిగాడు. వాన కురుస్తోంది. మోకాళ్ళ లోతు బురద. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా వెతికితే ఏడు దొరికాయి. మట్టి కొట్టుకుపోయినవి, ముక్కలైనవి. ఏది ఎక్కడుండేదో ఆయనకి తెలీదు. ఎలా తెలుస్తుంది, ఎప్పుడైనా చూస్తే కదా! తోచిన చోట జిగురు పెట్టి అంటిస్తే, ఆ తడికి తెల్లారేసరికి అన్నీ రాలిపోయాయి.

ఇంక మూడోది. బల్లని మళ్ళీ అద్దం బల్ల చేసేద్దాం అనుకున్నాడు. నాకు పిట్టలూ వద్దు, ఏవీ వద్దు, ఎలా ఉన్నదాన్ని అలా చేసి ఇచ్చేస్తాను అనుకున్నాడు. పొద్దున్నే బిగింపు విప్పాడు. చింతచెక్క ఎత్తడానికి అద్దం అడ్డం వస్తోంది. అందుకని ముందు అద్దం మరలు విప్పి, రెండు చేతులా దాన్ని కౌగిలించుకున్నట్టు పట్టుకుని ఎత్తబోయాడు. బరువు. ముసలి ప్రాణం. ఎత్తలేక అలాగే నుదురు అద్దానికి ఆనించి, భోరుమన్నాడు. మూడేళ్ళలో ఆయన ఏడవడం అదే మొదటిసారి.

ముసురు పట్టిన పొద్దు కదా, అద్దం చల్లగా ఉంది. ఆయన ఊపిరి వేడిగా తగిలింది. అద్దమంతా పొగమంచు కమ్మినట్టు మసకేసింది. ఆ మసకలో ఏం కనబడ్డాయో చెప్పు?

గుండ్రాలు. చిన్న చిన్న గుండ్రాలు. బొట్టు పోయినా దాని జిగురు తాలూకు జాడ అద్దానికి పట్టుకునే ఉంది. కిరసనాయిలుకీ పోలేదు, బ్లేడుకీ పోలేదు. మామూలుగా చూస్తే కనబడదు. ఊపిరి తగిలితే చుట్టూ మసకేస్తుంది, బొట్టున్న చోట మాత్రం వెయ్యదు. ఎక్కడిది అక్కడే. నెలవంక కూడా నెలవంకలాగే.

"పైడీ!" అని ఒక్క కేక పెట్టాడు. ఆ కేకకి పైడమ్మ గరిటె పట్టుకునే పరిగెత్తుకొచ్చింది. వచ్చేసరికి మసక ఆరిపోయింది, గుండ్రాలూ పోయాయి. "ఊదు, ఊదు" అన్నాడు ఆయన. మతి పోయిందేమో అనుకుంది ఆవిడ. మొగుడి మొహం చూసి, ఎందుకైనా మంచిదని వంగి ఊదింది.

కింద మూలన, కొంచెం వంకరగా, ఒక గుండ్రం తేలింది.

పైడమ్మ కొంగుతో నుదుటి కుంకుమ తుడిచేసుకుంది. మెడ వంచింది. మసక మధ్య ఆ గుండ్రంలోంచి ఒక్క నుదురే కనబడింది. ఎవరి నుదురో ఆవిడకి తెలుసు. మసక ఆరేదాకా కదల్లేదు. ఆరాక మళ్ళీ ఊదింది.

ఆ తర్వాత పక్కకి జరిగి చోటిచ్చింది. "మావా, నువ్వూ వంగు" అంది. మూడేళ్ళలో ఆయన్ని పక్కకి పిలవడం అదే మొదటిసారి.

అద్దం మళ్ళీ బిగించారు. బల్లని పనిబల్లగానే ఉంచారు. గురునాథం గోరింకని చెక్కాడు, పికిలిపిట్టని చెక్కాడు. లకుముకిపిట్ట ముక్కు విరిగితే పైడమ్మ గుర్రుమంది. రంగులు ఆవిడే వేసింది. పేర్లు మాత్రం ఎవరూ పెట్టలేదు.

అయితే విను. ఊదిన కొద్దీ ఆ జాడలు తరిగిపోతూ వచ్చాయి. తరగలేదని నీకు అబద్ధం చెప్పను. ఒక ఏడు సగం పోయాయి. ఇంకో ఏడు నెలవంక పోయింది. మూడో ఏడు మూలన వంకరది ఒక్కటే మిగిలింది. ఒకరోజు పైడమ్మ ఊదితే అద్దమంతా ఒకే మసక. మళ్ళీ ఊదింది. ఇంకోసారి ఊదింది. ఏమీ లేదు.

గురునాథం ఉలి కింద పెట్టేశాడు. మళ్ళీ మాటలు పోతాయేమో, మళ్ళీ కంచం వచ్చి కంచం పోతుందేమో అని ఆయన భయం.

పైడమ్మ లేచింది. మూడో సొరుగు లాగింది. ఆ సగం అట్ట తీసింది. అందులోంచి ఒక ఎర్రటి బొట్టు తీసి తన నుదుటికి పెట్టుకుంది. ఆ రోజంతా దానితోనే వంట చేసింది, దానితోనే రంగులు వేసింది. రాత్రి పడుకోబోయే ముందు తీసి, అద్దానికి, కింద మూలన, కొంచెం వంకరగా అంటించింది.

"అది పెట్టుకోలేదు గదా. నేను పెట్టుకుంటాను" అంది.

మళ్ళీ ఆ అద్దం దగ్గరికి బ్లేడు రాకూడదని, ఆ రోజు నుంచి గడ్డం గీసుకోవడం కూడా మానేశాడట గురునాథం. బొడ్డు దాకా పెంచాడట. నవ్వుతున్నావా? నవ్వు, పర్లేదు. నాకూ నవ్వే వస్తుంది అక్కడికొచ్చేసరికి. ఎందుకో కళ్ళు కూడా మండుతాయి.

రేపు పొద్దున్న మీ అమ్మ అద్దం తుడవబోతే మూల వదిలెయ్యమను. అమ్మమ్మ చెప్పిందని చెప్పు. ఊఁ కొట్టడం మానేశావేం? నిద్దరొచ్చేసిందా?

రైలు కూసి పోయింది, గేటు మెల్లగా తెరిచారు,
పిట్టలు గూట్లో చేరాయి, ఉలులు సొరుగులో పెట్టారు.
బొట్టు అద్దం చేరింది, రెప్ప కంటిని మూసింది,
కథ కంచి బండెక్కింది, మనకి ఇల్లే మిగిలింది.